ఫోమ్‌బోర్డుతో ఆర్సీ (రిమోట్ కంట్రోల్) యుద్ధవిమానాలు: విజయనగరం, శ్రీకాకుళం వైపు మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇప్పటిదాకా ఏ విమానమూ చేయలేదు. మొదటిదే స్పిట్‌ఫైర్ చేయొచ్చా?

వద్దు. ఆ రెక్క అందం చూసి అందరికీ అదే ముందు చేయాలనిపిస్తుంది, అది నాకూ తెలుసు. కానీ రెక్క పొట్ట కిందివైపు ఉండే ఫైటర్ గాల్లో తనంతట తాను సర్దుకోదు, ఒక పక్కకి వంచి రిమోట్ మీంచి వేలు తీసేస్తే వంగే ఉంటుంది, స్పీడు తగ్గితే రెక్క చివర టక్కున పడిపోతుంది. నేర్చుకునేవాడికి అదంతా ఆలోచించే టైమ్ ఉండదు. ముందు రెక్క పైన ఉండే మామూలు ట్రైనర్ ఒకటి చేసి చేతులు అలవాటు చేసుకోండి.

లేదు, యుద్ధవిమానమే కావాలి అనేవాళ్లకి నేను చెప్పేది వెస్ట్‌లాండ్ లైసాండర్. రెక్క పైన ఉంటుంది, పెద్దగా ఉంటుంది, అసలు విమానమే నెమ్మదిగా ఎగిరి చిన్న మైదానంలో దిగడానికి పుట్టింది. పైగా అది మన చరిత్రలోదే, 1942లో బర్మాలో మన వైమానిక దళం 1వ స్క్వాడ్రన్ నడిపింది లైసాండర్లనే. మీటరు రెక్కతో 600 గ్రాముల దగ్గర తెమిలితే చాలా మర్యాదగా ఎగురుతుంది.

షాపులో ఫోమ్‌బోర్డు అంటే సన్‌బోర్డ్ ఇస్తున్నారు. రెండూ ఒకటేనా?

కాదు, ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు. ఫ్లెక్సీ షాపుల్లో బోర్డులకి వాడే సన్‌బోర్డ్ పీవీసీది, లోపల గట్టిగా ఉంటుంది. 20 బై 30 అంగుళాల షీటు, 5 మి.మీ. మందం అయితే దాదాపు కిలో తూగుతుంది. మీ విమానం మొత్తం 700 గ్రాములు ఉండాలి, ఒక్క షీటే కిలో అయితే ఇంకేం ఎగురుతుంది? మనకి కావాల్సింది రెండు పక్కలా కాగితం, మధ్యలో మెత్తటి నురగ ఉండేది, ఆర్ట్ సామాన్లు అమ్మే చోట, ఇంజినీరింగ్ కాలేజీల దగ్గర స్టేషనరీ షాపుల్లో ప్రాజెక్ట్ మోడళ్ల కోసం ఉంచుతారు. కొంతమంది షాపువాళ్లు రెండింటినీ సన్‌బోర్డ్ అనే పిలుస్తారు, కాబట్టి పేరు అడగకండి, వస్తువు చూడండి. అంచున గోరుతో నొక్కితే నురగ లోపలికి పోవాలి. మూలలో కాగితం కొంచెం లేపితే ఊడిరావాలి. షాపులో తూకం ఉంటే అక్కడే వేయించండి, ఆ సైజు షీటు 130, 140 గ్రాములుంటే ఎన్ని ఉంటే అన్నీ కొనేయండి.

కాగితం ఉన్నదే గానీ బరువు షీటే దొరికింది. ఏం చేయాలి?

లోపలివైపు వచ్చే కాగితం ఊడదీయండి. తడిగుడ్డతో ఒకసారి తుడిచి రెండు నిమిషాలు ఆగితే చాలా రకాలకి పెద్ద పొరలుగా వచ్చేస్తుంది. బయటి కాగితం మాత్రం ఉంచండి, బలమంతా దానిలోనే ఉంది. రెండు పక్కలా తీసేస్తే ఆ రెక్క మొదటి లూప్‌కే మడతపడుతుంది.

మోటారు, బ్యాటరీ ఏవి కొనాలి? మొత్తం ఎంతవుతుంది?

మీటరు రెక్క విమానానికి 2212 సైజు బ్రష్‌లెస్ మోటారు, 1000 కేవీది (వోల్టుకి నిమిషానికి 1000 చుట్లు), 10 బై 4.5 ప్రాప్ (తిరిగే పంకా, కొలత అంగుళాల్లో), 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగం మార్చేది), 9 గ్రాముల సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) నాలుగు, 3 సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 1500 లేదా 2200 ఎంఏహెచ్. ఈ కలయికలో ఇంచుమించు 800 గ్రాముల లాగుడు వస్తుంది, 650 గ్రాముల విమానానికి ధారాళంగా సరిపోతుంది. చిన్న ప్రాప్ వేసి వేగంగా పోవాలనుకునే జెట్ మోడళ్లకైతే అదే సైజులో 2200 కేవీ మోటారు, 6 అంగుళాల ప్రాప్.

ఖర్చులో సగం దాకా రిమోట్‌కే పోతుంది. ఫ్లైస్కై ఐ6 లాంటి 6 ఛానళ్లది నాలుగైదు వేలు, మిగతా అంతా కలిపి ఇంకో నాలుగైదు వేలు అనుకోండి, రేట్లు మారుతుంటాయి. ఇదంతా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. కానీ మిగతా సామాను కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. సైకిల్ షాపులో పాత స్పోకులు అడగండి, అవే పుష్‌రాడ్లు, అంటే సర్వో నుంచి పలకని కదిపే ఊచలు. గొడుగు ఊచలూ పనికొస్తాయి. గడువు తీరిన ఏటీఎం కార్డు కత్తిరిస్తే కంట్రోల్ హార్న్లు, పలక మీద ఆ ఊచ తగిలించే చెవులు. మోటారు బిగించడానికి 3 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఏ వడ్రంగి దగ్గరైనా చెత్తలో దొరుకుతుంది. రిమోట్ ఒక్కటి మంచిది కొనండి, విమానాలు పోతాయి, వస్తాయి, రిమోట్ మాత్రం ఏళ్ల తరబడి మీ చేతిలో ఉంటుంది.

ప్లాన్ కొనాలా? ఫొటో చూసి గీసుకోవచ్చా?

పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి చూపించే మూడు బొమ్మలు ఉంటే గీసుకోవచ్చు. రెండు మార్పులు మాత్రం చేయండి. తోకలో అడ్డంగా ఉండే రెక్కని అసలు కొలత కంటే 10 నుంచి 15 శాతం పెంచండి, చిన్న మోడల్ స్థిమితంగా ఉండటానికి అది అవసరం. ముక్కు పొట్టిగా ఉంటే కొంచెం సాగదీయండి, లేకపోతే సీజీ (బరువు మధ్యబిందువు) కోసం సీసం ముక్కలు మోయాల్సి వస్తుంది. ప్లాన్‌ని జిరాక్స్ షాపులో ఏ4 పేపర్ల మీద ముక్కలుగా ప్రింట్ తీయిస్తే ముందు ఒక్క పేజీ తీయించి స్కేలుతో కొలవండి. ‘పేజీకి సరిపడా’ అనే సెట్టింగ్ ఉంటే ప్రింటరు సైజు తగ్గించేస్తుంది, అది మీకు రెక్క అతికించేటప్పుడు గానీ తెలియదు.

రెక్క మడత సరిగ్గా రావట్లేదు, ముందు అంచు పగిలిపోతోంది.

బ్లేడు మొద్దుబారి ఉంటుంది. కట్టర్ బ్లేడు ఒక్కో రెక్కకి ఒక ముక్క విరిచేయాలి, నురగ కోసేటప్పుడు చిన్న గింజల్లా ఊడి వస్తోందంటే ఆ బ్లేడు పని అయిపోయినట్టే.

పద్ధతి ఇది. రెక్క పైభాగం, కిందిభాగం ఒకే షీటులో పక్కపక్కన గీసుకోండి, మధ్యలో వచ్చే గీతే ముందు అంచు. ఆ గీత మీద లోపలి కాగితం, నురగ రెండూ తెగాలి, బయటి కాగితం తెగకూడదు. బ్లేడు మొన 4 మి.మీ. మాత్రమే బయటికి ఉంచి స్టీలు స్కేలు ఆనించి ఒకేసారి కాకుండా రెండు విడతల్లో లాగండి. తర్వాత ఆ గీతకి రెండు వైపులా బ్లేడుని 45 డిగ్రీలు వాల్చి నురగని ఏటవాలుగా తీసేయండి, అప్పుడు మడిచినప్పుడు రెండు వాలులూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. పైభాగం వంపు తిరగాలంటే లోపలి కాగితం ఊడదీసి, గుండ్రటి స్టీలు గ్లాసు మీద వేసి అరచేత్తో మెల్లగా రాస్తే నురగ దానంతటదే వంపు తీసుకుంటుంది. లోపల ముందునుంచి మూడో వంతు దగ్గర రెండు ఫోమ్ పట్టీలు ఒకదానిమీద ఒకటి అతికించి నిలబెట్టండి, అదే వెన్ను. దాని పక్కన వెదురు పుల్లో, సన్నటి కార్బన్ గొట్టమో మధ్యభాగం అంతా పొడవునా పెట్టండి. అతికించేటప్పుడు రెక్కని సమంగా ఉన్న బల్ల మీద పెట్టి పుస్తకాలు బరువు పెట్టాలి, మంచం మీద చేస్తే మెలిక తిరిగి ఆరిపోతుంది, ఆ మెలికని రిమోట్‌లో ఏ ట్రిమ్మూ (చిన్న సర్దుబాటు) సరిచేయలేదు.

ఏ గమ్ వాడాలి?

హాట్ గ్లూ తొందరగా పట్టుకుంటుంది కానీ బరువు. ఉదారంగా పోసేస్తే ఒక్క విమానంలో యాభై గ్రాములు గమ్మే ఉంటుంది. మోటారు దగ్గర, రెక్క మధ్యలో హాట్ గ్లూ వాడండి, మిగతాచోట్ల ఫెవికాల్ పల్చగా రాసి రాత్రంతా వదిలేయండి. మామూలు ఫెవిక్విక్ నురగని కరిగించేస్తుంది, కాగితం మీద మాత్రమే వాడాలి. ఇంకోటి, మే నెల ఎండలో విమానాన్ని కారులో పెట్టి తలుపులేస్తే హాట్ గ్లూ మెత్తబడి మోటారు పక్కకి వాలిపోతుంది. చూడటానికి బాగానే ఉంటుంది, థ్రాటిల్ ఇచ్చాకే ఊడుతుంది. అందుకే మోటారు ప్లైవుడ్‌ని అతికించడంతో సరిపెట్టకుండా నాలుగు పుల్లలు అడ్డంగా గుచ్చండి.

సీజీ ఎక్కడ ఉండాలి? దీనికి అంత గొడవ ఎందుకు?

ఎందుకంటే మొదటిసారి విసరగానే పడిపోయిన విమానాల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. మోటారు కాదు, గాలి కాదు, రిమోట్ కాదు. బరువు మధ్యబిందువు వెనక్కి ఉన్న విమానం ముక్కు పైకెత్తుకుంటుంది, మీరు కిందకి నొక్కితే అతిగా దిగుతుంది, మళ్లీ లాగితే ఆగిపోయి పడుతుంది. ఇదంతా మూడు సెకన్లలో అయిపోతుంది. ముక్కు బరువైతే మాత్రం మొద్దుగా ఎగురుతుంది కానీ ఇంటికి వస్తుంది.

మామూలు రెక్కకి, మొదట్లో ఉండే వెడల్పులో ముందు అంచునుంచి 25 నుంచి 30 శాతం దగ్గర పెట్టుకోండి. అక్కడ వెడల్పు 220 మి.మీ. ఉంటే 55 నుంచి 65 మి.మీ. వెనక్కి. బ్యాటరీతో సహా అన్నీ బిగించాక ఆ చోట రెండు పక్కలా వేళ్లు ఆనించి లేపితే ముక్కు కొద్దిగా కిందికి వాలాలి. తేజస్ లాంటి త్రికోణపు రెక్కకి ఈ లెక్క పనిచేయదు. దానికి రెక్క మొదట్లో వెడల్పు ఎక్కువ కాబట్టి సీజీ సగానికి కాస్త ముందు వస్తుంది, ఇంకొంచెం ముందుకే పెట్టి మొదలుపెట్టి, మోటారు ఆపి గడ్డి మీదికి చేత్తో వదిలి చూసుకుంటూ వెనక్కి జరపండి.

సీజీ సరిచేయడానికి బరువు కలపడం చివరి దారి. ముందు బ్యాటరీ జరపండి, తర్వాత తోకలో ఉన్న సర్వోలు రెక్క కిందికి తెచ్చి పొడవు పుష్‌రాడ్లు వేయండి. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే ముక్కులో మూడు గ్రాములు కలపాల్సి వస్తుంది, అందుకే తోకకి రంగు కూడా ఆచితూచి వేయాలి.

చేత్తో విసరగానే ఎడమకి తిరిగి నేలకి కొడుతోంది.

ప్రాప్ వెనకనుంచి చూస్తే కుడివైపు తిరుగుతుంది, దానికి ఎదురుగా విమానం ఎడమకి తిరగబోతుంది. వేగం లేనప్పుడు ఎయిలరాన్లకి (రెక్క వెనక అంచున కదిలే పలకలకి) దాన్ని ఆపే బలం ఉండదు. మోటారుని రెండు మూడు డిగ్రీలు కుడికి, రెండు డిగ్రీలు కిందికి చూసేలా బిగించండి. వెనక నిలబడి చూస్తే ఎడమ వైపు స్క్రూలకి, పై స్క్రూలకి ఒక్కో వాషర్ వేస్తే సరిపోతుంది. విసిరేటప్పుడు ముక్కు ఆకాశంలోకి పెట్టొద్దు, గాలికి ఎదురుగా, నేలకి సమాంతరంగా, ముప్పావు థ్రాటిల్‌తో బలంగా తోయండి. వీలైతే ఇంకొకరు విసరాలి, మీ రెండు వేళ్లూ స్టిక్కుల మీద ఉండాలి.

మలుపులో రెక్క ఒక్కసారిగా పడిపోతోంది, ముస్తాంగ్ మోడల్.

రెక్క చివర్లు సన్నగా ఉన్న ఫైటర్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది, ఆ సన్నటి చివరే ముందు గాలి పట్టు కోల్పోతుంది. రెక్క అతికించేటప్పుడే చివర్లలో వెనక అంచు 2 నుంచి 3 డిగ్రీలు పైకి లేచేలా చిన్న మెలిక ఇవ్వాలి, రెండు వైపులా సమానంగా. అసలు స్పిట్‌ఫైర్ రెక్కలోనూ ఇలాంటి మెలిక ఉంది. ఇప్పటికే చేసేసిన విమానమైతే రెండు ఎయిలరాన్లూ రెండు మి.మీ. పైకి లేపి ఉంచండి, చాలావరకు తగ్గుతుంది. ఇంకా పడుతోందంటే బరువు ఎక్కువ. మీటరు రెక్క ఫైటర్ వైశాల్యం సుమారు 18 చదరపు డెసిమీటర్లు ఉంటుంది, 650 గ్రాములైతే డెసిమీటరుకి 36 గ్రాములు పడుతుంది, అది బాగానే ఎగురుతుంది. అదే విమానం 900 గ్రాములైతే 50 పడుతుంది, అప్పుడు దిగడానికే హడలిపోతారు.

ఎక్కడ ఎగరేయాలి?

సంక్రాంతి అయ్యాక కోతలైపోయిన వరి పొలాలు. మెత్తటి నేల, నలువైపులా ఖాళీ. కానీ మన వైపు వరి కోసీ కోయకముందే మినుములు, పెసలు చల్లేస్తారు, మొలక చిన్నగా ఉన్నప్పుడు దూరంనుంచి చూస్తే పొలం ఖాళీగానే కనిపిస్తుంది. దుబ్బుల మధ్య వంగి చూడండి. మొలక ఉంటే కాలు పెట్టకండి, విమానం అందులో పడ్డా సరే ముందు రైతుని అడిగి గట్టు మీదుగా వెళ్లి తెచ్చుకోండి. ఒకసారి నమ్మకం కుదిరితే వాళ్లే మంచి చోటు చూపిస్తారు.

ఎండాకాలంలో నాగావళి, వంశధార ఇసుక తిన్నెలు బాగుంటాయి. కళింగపట్నం, చింతపల్లి బీచ్‌లు చూడటానికి బ్రహ్మాండంగా ఉంటాయి గానీ ఇసుక మోటారులోకి పోతుంది, ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడతాయి. వెళ్తే మాత్రం ఇంటికొచ్చాక మోటారుని ఊది, ఒక్క చుక్క మిషన్ ఆయిల్ వేయండి. ఊళ్లో గ్రౌండ్లు, పిల్లలు క్రికెట్ ఆడేచోట ఎగరేయొద్దు. 10 అంగుళాల ప్రాప్ వేలు తెంపగలదు.

ఏ టైముకి మంచిది?

తెల్లారగానే. ఏడూ ఎనిమిది వరకు గాలి కదలదు, పొద్దెక్కాక సముద్రం గాలి మొదలైతే తేలికైన ఫోమ్ విమానం వెనక్కి కొట్టుకుపోతుంది. చలికాలంలో మంచు పడుతుంది కాబట్టి దిగినప్పుడు కాగితం తడుస్తుంది. పొట్ట కింద, రెక్క ముందు అంచుకి పారదర్శకమైన టేపు వేసుకోండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త ఉంటే విమానాలు అటక మీద పెట్టేసి కొత్త ప్లాను కోసుకుంటూ కూర్చోవడమే మేలు.

తాటిచెట్టు మీద ఇరుక్కుపోయింది!

రాళ్లు వేయకండి, విమానం ముక్కలవుతుంది. మీరు ఎక్కొద్దు కూడా. ముందు రిమోట్‌లో థ్రాటిల్ లాక్ చేయండి, ఎక్కేవాళ్ల చేతికి ప్రాప్ తగలకూడదు. దగ్గర్లో కల్లు గీసేవాళ్లుంటే మర్యాదగా అడగండి, “బాబాయ్, ఒక్కసారి ఎక్కి దించుతావా” అంటే కాదనేవాళ్లు తక్కువ, వాళ్ల శ్రమకి డబ్బులివ్వండి. కరెంటు తీగల మీద పడితే మాత్రం కర్రతో కదపకండి, లైన్‌మన్‌కి చెప్పండి. కార్బన్ గొట్టంలో కరెంటు పారుతుంది.

పర్మిషన్ కావాలా?

2021 డ్రోన్ రూల్స్ ఆర్సీ విమానాలకీ వర్తిస్తాయి. సరదాకి, చదువుకి, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు వాటిని మోడల్ విమానాలుగా చూస్తాయి, 2 కిలోల లోపుది వ్యాపారం కోసం కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఎక్కడ ఎగరేస్తున్నామన్నది ముఖ్యం. ప్రభుత్వ వెబ్‌సైట్ డిజిటల్ స్కైలోని మ్యాపులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లు ఉంటాయి, ఆకుపచ్చలో సాధారణంగా 400 అడుగుల వరకు ఎగరొచ్చు, నడుస్తున్న విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. భోగాపురం, డెంకాడ, పూసపాటిరేగ వైపు ఉండేవాళ్లు కొత్త విమానాశ్రయం వల్ల ప్రతిసారీ మ్యాపు చూసుకోవాలి. విశాఖ వైపు నేవీ ఉంది, అటు వెళ్లి ఎగరేసే ఆలోచనే పెట్టుకోకండి. చూడాలనిపిస్తే ఆర్కే బీచ్‌లో టీయూ-142 మ్యూజియానికి వెళ్లండి, నాలుగు టర్బోప్రాప్ ఇంజన్ల ఆ విమానం రెక్క కింద నిలబడి చూస్తే మోడల్ చేసేవాడికి చాలా అర్థమవుతుంది.

రెక్కల కింద దీపావళి రాకెట్లు కట్టొచ్చా?

వద్దు. పేలుడు సామాను మోయడం ఆ రూల్స్ ప్రకారమే నిషేధం, పైగా కింద ఎండుగడ్డి, గడ్డివాములు. కాగితం చుట్టిన బొమ్మ బాంబులు అతికించుకోండి, ఫొటోకి చాలు.

మన దేశపు విమానాల్లో ఏవి ఫోమ్‌లో బాగా వస్తాయి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, అందరూ ముస్తాంగ్‌లూ జీరోలే చేస్తుంటే మన ఆకాశంలో తిరిగినవి ఎవరు చేస్తారు? హరికేన్ చేయండి, బర్మా రంగంలో మన స్క్వాడ్రన్లు నడిపాయి, రెక్క మందం, నడుం లావు, స్పిట్‌ఫైర్ కంటే ఎంతో నిదానం. దాని మీద గుర్తులు ముదురు నీలం, లేత నీలం మాత్రమే వేయాలి, జపాన్ ఎర్ర సూర్యుడితో పొరపాటు పడకూడదని అక్కడ మధ్యలో ఎరుపు తీసేశారు. నాట్ అనే జెట్ ఫైటర్ చిన్నది, ముచ్చటగా ఉంటుంది, 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ నడిపింది అదే. మన వైమానిక దళంలో పరమవీరచక్ర వచ్చింది ఆయనొక్కరికే. రెక్క చిన్నది కాబట్టి మోడల్‌లో 15 శాతం పెంచండి. మన దేశంలో చేసిన జెట్ మారుత్, 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది, జర్మన్ డిజైనర్ కర్ట్ టాంక్ గీసినది, రెక్క వెనక్కి వాలి పొడవాటి ముక్కుతో వెనకనుంచి తోసే పుషర్ ప్రాప్‌కి చక్కగా కుదురుతుంది. తేజస్‌కి తోకలో అడ్డ రెక్క లేదు కాబట్టి కట్టడం తేలిక, ఎగరేయడం తేలిక కాదు, రెండు ఎలివాన్లకి (ముక్కు ఎత్తడం, పక్కకి వంచడం రెండు పనులూ చేసే పలకలకి) రిమోట్‌లో మిక్సింగ్ పెట్టాలి. ఇప్పటి గుర్తులో బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. చాలామంది తిరగేసి వేస్తున్నారు.

మన తీరంతో ముడిపడినది ఇంకోటుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యుజో నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నౌక మీద ఉన్న నకజిమా బీ5ఎన్ బాంబరు అసలుది పదిహేనున్నర మీటర్ల రెక్క, అంత రెక్క ఉండటం వల్ల ఫోమ్‌లో చాలా హాయిగా తేలుతుంది. మీ ఇంట్లో తొంభై దాటిన పెద్దవాళ్లుంటే ఆ రోజుల గురించి అడగండి, ఊళ్లు ఖాళీ చేసి లోపలికి వెళ్లిపోయిన కథలు చెబుతారేమో.

లైపో పేలుతుందంటున్నారు, భయంగా ఉంది.

భయం కాదు, పద్ధతి ఉండాలి. సెల్ 4.2 వోల్టులకి మించకూడదు, ఎగరేసి 3.5 దగ్గర దించేయాలి, వారం పైగా వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి. బ్యాలెన్స్ ఛార్జర్‌తోనే, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే ఛార్జింగ్. మట్టి కుండలో ఇసుక పోసి అందులో పెట్టి చేస్తే ఇంకా నిశ్చింత. ఉబ్బిన బ్యాటరీ వాడొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

పదో తరగతి చదువుతున్నాను. ఇంట్లో పది వేలు ఇవ్వరు.

అడగొద్దు తమ్ముడూ. ఒక్క ఫోమ్‌బోర్డు షీటు, ఒక కట్టర్, కాస్త ఫెవికాల్ కొనుక్కో. హరికేన్‌ని అర మీటరు రెక్కతో, మోటారు లేకుండా గ్లైడర్‌గా చెయ్యి. రెక్కలు రెండూ చివర్ల దగ్గర కొంచెం పైకి లేచేలా అతికించు, లేకపోతే పక్కకి దొర్లిపోతుంది. ముక్కులో బంకమట్టి పెట్టి మేడ మీదనుంచి కాదు, నేల మీద నిలబడి, భుజం ఎత్తునుంచి మెల్లగా వదులు. ముక్కు ఎత్తి ఆగిపోతే మట్టి కలుపు, నేరుగా దిగిపోతే తీసెయ్యి. ఎలివేటర్ (తోకలో అడ్డ పలక) అంచుని ఒక మి.మీ. వంచితే ఏమవుతుందో, రడ్డర్ (తోకలో నిలువు పలక) వంచితే ఏమవుతుందో ఒక్కోటి విడిగా చూసి నోట్‌బుక్‌లో రాసుకో. పదిహేను అడుగుల దూరం తిన్నగా పోయి పొట్ట మీద దిగిందంటే నీ సీజీ కుదిరినట్టు. ఆ కొలత ప్లాను మీద గుర్తు పెట్టి దాచుకో, రేపు డబ్బులు కుదిరి అదే విమానం మీటరు సైజులో చేసినప్పుడు సీజీ రెట్టింపు దూరంలో పెట్టుకుంటే సరిపోతుంది.